పుస్తకం ఆటైతే: ఆడినవాళ్ళు ఏమంటున్నారు?

2009 మార్చిలో బెల్జియంలోని గెంట్ నగరం నుంచి 'ద పాత్' అనే కంప్యూటర్ గేమ్ వచ్చింది. ఎర్ర టోపీ పిల్ల, తోడేలు, అడవి అవతల అమ్మమ్మ ఇల్లు. చిన్నప్పుడు చాలామందిమి విన్న కథే. గేమ్ ఇచ్చే ఆజ్ఞ ఒక్కటే: అమ్మమ్మ ఇంటికి వెళ్ళు, దారి వదలకు. ఆ మాట విని బుద్ధిగా దారి వెంబడే నడిస్తే కాసేపటికి ఇల్లు వస్తుంది. అమ్మమ్మ మంచం మీద ఉంటుంది. పిల్లకు ఏ ఆపదా రాలేదు. అప్పుడు స్క్రీన్ మీద ఫలితం కనిపిస్తుంది: నువ్వు ఓడిపోయావు. కారణం కూడా అక్కడే ఉంటుంది, తోడేలు నీకు ఎదురుపడలేదు.

చెప్పినట్టు చేసినందుకు ఓడిపోవడమేమిటని కొందరు మండిపడ్డారు. ఆ ఒక్క తీర్పుతో మూడు వందల ఏళ్ళ నాటి కథ అడుగున ఉన్న ప్రశ్నను పైకి తెచ్చారని మరికొందరు పొంగిపోయారు. గమనించాల్సిందేమిటంటే, తిట్టినవాళ్ళూ మెచ్చినవాళ్ళూ మాట్లాడింది ఒకే ఘట్టం గురించి. పాత సాహిత్యాన్ని తీసుకుని ప్రయోగాత్మకంగా చేసిన గేమ్‌లకు వచ్చిన స్పందనలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మళ్ళీ మళ్ళీ ఇదే కనిపిస్తుంది. మంచి గేమ్ దగ్గర కోపమూ ప్రేమా ఒకే చోట పుడతాయి. ఆ చోటును పట్టుకుంటే ఆ గేమ్ మూలగ్రంథాన్ని ఎలా చదివిందో తెలుస్తుంది. ఈ వ్యాసం ఆ చోట్లను వెతికే ప్రయత్నం.

పాత తగువు

సాహిత్యానికీ కంప్యూటర్ ఆటలకూ చుట్టరికం ఇవాళ్టిది కాదు. టోల్కీన్ నవల 'ద హాబిట్' ఆధారంగా 1982లో ఆస్ట్రేలియా నుంచి ఒక టెక్స్ట్ గేమ్ వచ్చింది. ఆడేవాళ్ళు కీబోర్డు మీద వాక్యాలు టైపు చేస్తూ కథను నడిపించాలి. గేమ్ పెట్టెలో నవల ప్రతి కూడా పెట్టి అమ్మారు. ఆట ముందుకు సాగాలంటే పుస్తకం తిరగేయాల్సి వచ్చేది. ఆటకు పుస్తకం చేదోడుగా ఉన్న కాలం అది.

1997లో జానెట్ మర్రే 'హామ్లెట్ ఆన్ ద హోలోడెక్' అనే పుస్తకంలో ఒక పెద్ద ఆశను ముందుకు తెచ్చారు. కంప్యూటర్ కూడా నవలలాగా, నాటకంలాగా గాఢమైన కథా మాధ్యమం కాగలదని ఆమె వాదం. ఆ పేరులోనే షేక్‌స్పియర్ ఉన్నాడు. పదేళ్ళ తర్వాత ఆ ఆశకు ఒక గట్టి దెబ్బ తగిలింది. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆర్థికవేత్త ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా, మెకార్థర్ ఫౌండేషన్ ఇచ్చిన సుమారు రెండున్నర లక్షల డాలర్లతో 'ఆర్డెన్' అనే ఆన్‌లైన్ షేక్‌స్పియర్ లోకాన్ని తయారు చేయించారు. 2007లో దాన్ని బయటికి తెచ్చి, ఆడుతుంటే సరదా లేదని ఆయనే బాహాటంగా ఒప్పుకున్నారు. తర్వాతి రూపంలో షేక్‌స్పియర్ తగ్గాడు, రాక్షసులు పెరిగారు. విద్వాంసులు తలపెట్టిన ప్రయోగం గురించి దాని నిర్మాతే ఇంత నిజాయితీగా మాట్లాడడం అరుదు. అందుకే ఆర్డెన్ వైఫల్యం చాలా విజయాల కంటే ఎక్కువ నేర్పుతుంది. గొప్ప రచయిత మాటలను గేమ్‌లో చల్లినంత మాత్రాన ఆ గొప్పతనం గేమ్‌కు అంటుకోదు.

2010 ఏప్రిల్‌లో సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ వీడియో గేమ్‌లు ఎప్పటికీ కళ కాలేవని రాశారు. గేమర్లు వేల సంఖ్యలో విరుచుకుపడ్డారు. ఆ జూలైలో ఆయన మళ్ళీ కలం పట్టి, తాను ఆడని వాటి గురించి అలా తీర్పు చెప్పి ఉండాల్సింది కాదని ఒప్పుకున్నారు. అప్పుడే తన పాఠకులను ఒక మాట అడిగిన సంగతి కూడా రాశారు: ఒక గొప్ప వీడియో గేమ్, మార్క్ ట్వేన్ 'హకల్‌బెరీ ఫిన్', ఈ రెండిట్లో మీకు ఏది విలువైనది? ఎక్కువమంది గేమ్ వైపే మొగ్గారు. ఆ ఓటుకు శాస్త్రీయమైన విలువ లేదు. అసలు ఆ ప్రశ్న వేసిన తీరే నాకు అభ్యంతరకరం, పుస్తకాన్నీ గేమ్‌నూ అది తక్కెడలో చెరోవైపు పెట్టింది. ఆ తర్వాత వచ్చిన మంచి ప్రయోగాలు ఆ తక్కెడనే పక్కన పెట్టేశాయి. అవి పుస్తకంతో పోటీకి దిగలేదు, పుస్తకం మీద వ్యాఖ్యానం రాశాయి. వాటి వ్యాఖ్యానం వాక్యాల్లో ఉండదు, నియమాల్లో ఉంటుంది.

నియమమే అర్థం చెప్పడం తెలుగువాళ్ళకు వింత కాదు. వైకుంఠపాళి పటం మీద నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు. చివరిదాకా ఎగబాకినవాణ్ణి పెద్దపాము ఒక్కసారిగా కిందికి జార్చేస్తే, అహంకారం గురించి పురాణం విన్నదానికంటే బలంగా గుండెకు తగులుతుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, పందెం పడింది అంతే. ఈ వ్యాసంలో చెప్పుకునే గేమ్‌లు అలాంటి పనినే నవలలతో, నాటకాలతో చేస్తున్నాయి.

ఓడించే ఎర్ర టోపీ

'ద పాత్'ను చేసింది ఆరియా హార్వీ, మిషేల్ సామిన్ అనే జంట. వాళ్ళ స్టూడియో పేరు టేల్ ఆఫ్ టేల్స్. 2006లో వాళ్ళు ఒక ప్రకటన రాసి, త్రీడీ సాంకేతికతను కళాకారులు ఆటల కంపెనీల చేతుల్లోంచి తీసుకుని తమ మాధ్యమంగా చేసుకోవాలని పిలుపునిచ్చారు. ఆ ప్రకటనకు 'ద పాత్' ఆచరణ రూపం.

ఇందులో అక్కచెల్లెళ్ళు ఆరుగురు. అందరికంటే చిన్నది రాబిన్‌కు తొమ్మిదేళ్ళు, పెద్దది స్కార్లెట్‌కు పంతొమ్మిది. ఒక్కొక్కరిని ఎంచుకుని ఆడాలి. దారి వదిలి నాలుగడుగులు పక్కకు వేస్తే అడవి మింగేస్తుంది, తిరిగి చూస్తే దారి ఉండదు. తెల్ల గౌను వేసుకున్న ఒక పిల్ల చేయి పట్టుకుంటే తప్ప వెనక్కి రాలేం. ఒక్కో అమ్మాయికి ఒక్కో తోడేలు. రాబిన్‌కు శ్మశానంలో నిజంగానే తోడేలు రూపంలో ఉన్నవాడు. పదిహేనేళ్ళ రూబీకి పాడుబడ్డ ఆటస్థలంలో సిగరెట్ చేతికిచ్చే యువకుడు. స్కార్లెట్‌కు అడవి మధ్యలోని రంగస్థలం మీద పియానో వాయించే మనిషి. తోడేలును కలిశాక స్క్రీన్ నల్లబడుతుంది. ఏం జరిగిందో గేమ్ చూపించదు. తర్వాత ఆ అమ్మాయి అమ్మమ్మ ఇంటి ముందు వానలో పడి ఉంటుంది, లేచి ఈడ్చుకుంటూ నడుస్తుంది.

చెయ్యి విషయంలోనూ గేమ్ అలవాటును తలకిందులు చేసింది. ఏదైనా వస్తువును ముట్టుకోవాలంటే మామూలు గేమ్‌లలో బటన్ నొక్కుతాం. ఇక్కడ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేయాలి. మనం వదిలేస్తేనే ఆ అమ్మాయి తనంతట తాను వస్తువు దగ్గరికి వెళ్తుంది. పరిగెత్తిస్తే కెమెరా పైకి లేచిపోయి చుట్టూ చీకటి కమ్ముతుంది, తొందరపడినవాడికి అడవి కనిపించదు.

ఈ గేమ్‌ను ఆడినవాళ్ళ స్పందనలను మూడు పాయలుగా విడదీయవచ్చు. మొదటి పాయ విసుగు: నడక నెమ్మది, చేయడానికి పనేమీ లేదు, ఇది గేమే కాదు, గొప్పలు పోవడం. రెండోది బాధ: ఆడపిల్లను తోడేలు దగ్గరికి మన చేత్తో నడిపించి, దానికి గెలుపు అని పేరు పెడతారా అని. మూడోది వ్యాఖ్యానం: ఆ చీకటి తెర వెనక జరిగింది అత్యాచారమా, మరణమా, బాల్యం ముగిసిపోవడమా అని ఒక్కో అమ్మాయి గురించీ పేజీలకు పేజీలు వాదించుకున్నారు.

రెండో పాయనే నేను అన్నిటికంటే గౌరవిస్తాను. 1697లో చార్లెస్ పెరో అచ్చువేసిన కథలో పిల్లను రక్షించడానికి ఎవరూ రారు, తోడేలు తినేస్తుంది, కింద నీతి ఉంటుంది. 1812లో గ్రిమ్ సోదరుల కథలో వేటగాడు వచ్చి కాపాడతాడు. పిల్లలకు మనం చెప్పుకునేది ఎక్కువగా ఈ రెండోదే. కానీ పెరో కథ వింటున్నంతసేపూ శ్రోత మనసులో ఒక మూల పిల్ల దారి తప్పాలనే కోరుకుంటుంది, లేకపోతే కథే లేదు. 'ద పాత్' ఆ కోరికను ఆడేవాడి చేతిలో పెట్టి, దీనికి బాధ్యుడివి నువ్వేనని చెప్పింది. బాధపడినవాళ్ళు ఆ మాట విన్నారు. వాళ్ళు గేమ్‌ను తిట్టినా, అందరికంటే లోతుగా చదివింది వాళ్ళే.

రంగు వెలిసే వాల్డెన్

రెండో ఉదాహరణ స్వభావంలో పూర్తిగా వేరు. 2017 జూలై 4న అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి 'వాల్డెన్, ఎ గేమ్' వచ్చింది. 'వాల్డెన్' పుస్తకం రాసిన హెన్రీ డేవిడ్ థోరో 1845లో అదే తేదీన వాల్డెన్ చెరువు గట్టున తన చిన్న ఇంట్లో కాపురం పెట్టాడు. గేమ్ వచ్చిన ఏడాది ఆయన ద్విశతజయంతి. ట్రేసీ ఫుల్లర్టన్ నాయకత్వంలో ఒక చిన్న బృందం దాదాపు పదేళ్ళు దీని మీద పనిచేసింది. అమెరికా ప్రభుత్వ కళా సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ద ఆర్ట్స్ 2012లో 40,000 డాలర్లు ఇచ్చింది. ధర కూడా 18.45 డాలర్లుగా పెట్టి ఆ సంవత్సరాన్ని గుర్తు చేశారు.

ఆడేవాళ్ళే థోరో. తిండి, వంటచెరకు, గూడు, బట్ట అనే నాలుగు అవసరాలు చూసుకోవాలి. చిక్కుడు చేను దున్నాలి, కట్టెలు కొట్టాలి, చిరిగిన బట్టలు కుట్టుకోవాలి. ఎంత పని చేస్తే అంత పోగవుతుంది. ఇంతవరకూ ఏ వ్యవసాయపు గేమ్‌కైనా ఉండే తీరే. అయితే వీటితో పాటు ఐదోది ఒకటుంది, అంతఃప్రేరణ. చదవడం, ఏకాంతంలో కూర్చోవడం, అడవి శబ్దాలు వినడం, వచ్చినవారితో మాట్లాడడం వల్ల అది నిండుతుంది. రోజంతా పనిలోనే మునిగితే అది అడుగంటుతుంది. అప్పుడు అడవి రంగులు వెలిసిపోతాయి. ఆకుల పచ్చదనం మాసిపోతుంది, పిట్టల అరుపులు పలచబడతాయి. గేమ్ ఓడించదు, చంపదు. ఆకలితో సొమ్మసిల్లితే మళ్ళీ లేస్తాం. ప్రపంచం మాత్రం పేలవంగా ఉంటుంది.

గేమ్‌లకు అలవాటుపడ్డ మనిషి ఇందులోకి రాగానే చేసే పని పోగేసుకోవడమే. చేను పెంచుతాడు, పట్నం వెళ్ళి కూలిపని చేసి డబ్బు తెస్తాడు, ఇల్లు బాగుచేసుకుంటాడు. అలా కొంతసేపు ఆడాక తలెత్తి చూస్తే అడవి బూడిద రంగులో ఉంటుంది. ఆడినవాళ్ళ మాటల్లో తరచు కనిపించే ఘట్టం ఇదే. కొందరు ఇక్కడ ఆపేశారు: పని చేస్తే శిక్ష, చేయకపోతే ఆకలి, ఇందులో సాధించేదేముంది? మరికొందరు ఇక్కడే గొడ్డలి పక్కన పెట్టి చెరువు గట్టుకు వెళ్ళి కూర్చున్నారు. థోరో తన పుస్తకంలో మొట్టమొదటి, అన్నిటికంటే పొడవైన అధ్యాయమంతా బతుకుతెరువు లెక్కలకే ఇచ్చాడు. మనిషికి అసలు ఎంత చాలు అన్నది దాని సారం. గేమ్ ఆ లెక్కను ఆడేవాడి ఒంటికి పట్టించింది. దాన్ని ఆపేసినవాడూ కొనసాగించినవాడూ ఇద్దరూ ఆ ప్రశ్నకే జవాబు చెప్పారు.

ఈ గేమ్ మీద వచ్చిన అన్నిటికంటే గట్టి ఆక్షేపణ వేరొకటి. ప్రకృతిలోకి వెళ్ళమన్న పుస్తకాన్ని గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆడడం విడ్డూరం కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసేయకూడదు. కానీ థోరో కూడా తన అనుభవాన్ని పుస్తకం రాశాడు, గదిలో కూర్చుని చదివేవాళ్ళ కోసమే రాశాడు. చెరువు దగ్గర రెండేళ్ళ రెండు నెలలు ఉండి, పుస్తకంలో దాన్ని ఒకే ఏడాదిగా కుదించాడు. గేమ్ కూడా ఆ ఒక్క ఏడాదినే తీసుకుంది. వాల్డెన్ మొదటి నుంచీ ఒక కూర్పు, గేమ్ ఆ కూర్పు మీద కట్టిన మరో కూర్పు. 2017లో గేమ్స్ ఫర్ చేంజ్ పురస్కారాల్లో ఆ ఏటి మేటి గేమ్‌గా ఇది ఎంపికైంది. తరగతి గదుల కోసం పాఠ్య ప్రణాళికలు కూడా తయారయ్యాయి. నింపాదిగా చదవడం నేర్పాలనుకునే ఉపాధ్యాయులకు అంతఃప్రేరణ అనే ఆ ఒక్క నియమం చాలా ఉపయోగపడే పనిముట్టు.

ఒఫీలియా కళ్ళతో, పనివాడి కళ్ళతో

మూడో తరహా గేమ్‌లు పుస్తకంలో వెనక వరసలో ఉన్నవాళ్ళను ముందుకు తెస్తాయి. 2019 జూలైలో వచ్చిన 'ఎల్సినోర్'లో మనం హామ్లెట్ కాదు, ఒఫీలియా. నాలుగు రోజుల్లో కోటలో అందరూ చచ్చిపోతారని ఆమెకు ముందే తెలుస్తుంది. ఆపడానికి ప్రయత్నిస్తుంది, తానే చనిపోతుంది, మళ్ళీ మొదటి రోజు ఉదయం కళ్ళు తెరుస్తుంది. ఇలా ఎన్నిసార్లయినా. ఆమె చేతిలో కత్తి లేదు. తెలుసుకున్న సంగతిని ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నదే ఆమె ఆయుధం. మనం ఏ గదిలో ఉన్నా మిగిలిన కోటలో జరగాల్సినవి జరిగిపోతూనే ఉంటాయి. గడియారం ఆగదు.

నాటకంలో ఒఫీలియాకు అందరూ చెప్పేవాళ్ళే. తండ్రి చెబుతాడు, అన్న చెబుతాడు, హామ్లెట్ చెబుతాడు. ఆమె మాటను పట్టించుకునేవాళ్ళు లేరు. గేమ్ ఆమెకు మాట ఇచ్చింది గానీ, ఆ మాటతో అందరినీ రక్షించే వరం ఇవ్వలేదు. ఒకరిని కాపాడితే ఇంకొకరు బలవుతారు. ఆడినవాళ్ళ ఫిర్యాదుల్లో ముఖ్యమైనది ఇక్కడే పుట్టింది: ఇన్నిసార్లు తిరిగి వచ్చి, ఇంత తెలుసుకుని, మంచి ముగింపు ఎందుకు దొరకదు? అదే కాలం మళ్ళీ మళ్ళీ తిప్పడం అలసట కాదా? అలసటే. ఆ అలసట నుంచే విషాదాంత నాటకం అంటే ఏమిటో తెలిసివస్తుంది. హామ్లెట్ చూసే ప్రేక్షకుడికి చివరి అంకంలో ఏం జరుగుతుందో ముందే తెలిసినా మళ్ళీ టికెట్ కొంటాడు. 'ఎల్సినోర్' ఆ ప్రేక్షకుణ్ణి రంగస్థలం మీదికి ఎక్కించి, తెలిసీ ఆపలేకపోవడం ఎలా ఉంటుందో చూపించింది. ఇంకో సంగతి: హామ్లెట్ చదవనివాళ్ళు కూడా దీన్ని ఆడి నాటకం వైపు వెళ్ళగలరు. నాటకం వచ్చినవాళ్ళు ప్రతి గదిలోనూ ఏం జరగబోతోందో ఊహించి, తమ ఊహ తప్పినచోట ఆగి ఆలోచిస్తారు. ఒకే గేమ్ ఇద్దరికీ రెండు రకాలుగా పనిచేయడం చిన్న విషయం కాదు.

ఇంగ్లండ్‌లోని ఇంకిల్ స్టూడియో 2014లో తెచ్చిన '80 డేస్' కథ ఇంకా ఆసక్తికరం. దీనికి మూలమైన జూల్ వెర్న్ నవల 1873లో పుస్తకంగా వచ్చింది. ఫిలియస్ ఫాగ్ పందెం కట్టి ఎనభై రోజుల్లో భూమిని చుట్టి వస్తాడు. దారిలో బొంబాయి నుంచి కలకత్తాకు రైలు, పట్టాలు పూర్తికాని చోట ఏనుగు, సతి చితి మీద నుంచి ఔదా అనే యువతిని రక్షించడం ఉంటాయి. మనదేశంలో ఈ నవల చదివినవాళ్ళకు ఆ అధ్యాయాల్లో ఉత్సాహంతో పాటు ఒక ఇబ్బంది కూడా ఉంటుంది. అందులో మన మనుషులు ఒక దొర ప్రయాణంలో తగిలే దృశ్యాలు. రచయిత్రి మెగ్ జయంత్ గేమ్‌ను నౌకరు పాస్‌పార్తూ కళ్ళతో రాశారు. యంత్రాలు, మరమనుషులతో నిండిన ఒక ఊహా 1872ను సృష్టించి, వలస పాలనలో ఉన్న నేలల మనుషులకు సొంత పనులు, సొంత రాజకీయాలు ఇచ్చారు. పాస్‌పార్తూ అడిగిన ప్రతిదానికీ వాళ్ళు జవాబు చెప్పరు. కొందరు ముఖం మీదే తలుపు వేస్తారు. కథలో ఎదురయ్యే మనుషులు ఆడేవాడి సౌకర్యం కోసం పుట్టినవాళ్ళు కాకూడదన్నది ఆమె 2016లో గేమ్ రూపకర్తల సదస్సులో వివరంగా చేసిన వాదం.

టైమ్ పత్రిక 2014లో దీన్ని ఏటి మేటి గేమ్‌గా ఎంచింది. ఆడినవాళ్ళ ఆదరణ కూడా పెద్దదే. ఎందుకంటే ఇందులో పందెం ఓడినా ప్రయాణం ఆగదు, ఎనభై దాటాక కూడా లండన్ చేరవచ్చు. ఒకసారి ఆడితే రాసిన పాఠ్యంలో కొద్ది భాగమే కనిపిస్తుంది. అందుకే ఎవరి ప్రయాణం వారిది, ఆడిన ఇద్దరు కలిస్తే చెప్పుకోవడానికి చాలా ఉంటుంది. ఇంత ఆదరణలోనూ ఒక అసంతృప్తి వినిపించింది. ఫాగ్ గెలుపు కోసం పరుగెత్తితే మనుషులతో మాట్లాడే సమయం లేదు, మాట్లాడుతూ కూర్చుంటే పందెం పోతుంది. అంటే ఇక్కడ కూడా మెప్పూ ఫిర్యాదూ ఒకే నియమం దగ్గర ఉన్నాయి. వెర్న్ కథానాయకుడు ప్రపంచమంతా తిరిగి దాన్ని చూడనే లేదన్న విమర్శ ఆ నియమంలో ఉంది.

పేరు మాత్రమే అరువు తెచ్చుకుంటే

వీటి పక్కన ఒక వాణిజ్య గేమ్‌ను పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 'డాంటేస్ ఇన్ఫెర్నో' తెచ్చింది. పద్నాలుగో శతాబ్దపు ఇటాలియన్ మహాకావ్యంలోని కవి డాంటే ఇందులో పెద్ద కొడవలి పట్టిన యోధుడయ్యాడు. సైతాను చేతిలోంచి తన ప్రేయసి బియాట్రిస్‌ను విడిపించడానికి నరకం తొమ్మిది వలయాల్లోనూ నరుక్కుంటూ వెళ్తాడు. కావ్యంలో డాంటే పాపులను చూసి జాలిపడతాడు, మూర్ఛపోతాడు, వాళ్ళ కథలు వింటాడు. గేమ్‌లో పాపులను శిక్షించడమో క్షమించడమో ఒక బటన్ నొక్కుడు. సాహిత్యం తెలిసినవాళ్ళు నొచ్చుకున్నారు. గేమర్లు మాత్రం పోరాటం ఎలా ఉంది, ఫలానా గేమ్‌కు నకలా కాదా అన్న దగ్గరే ఎక్కువగా వాదించుకున్నారు. ఒక గేమ్‌కు వచ్చిన స్పందనలో మూలగ్రంథం ప్రస్తావనే పలచబడితే, ఆ గేమ్ గ్రంథాన్ని చదవలేదన్నమాట. బొమ్మలు ఎంత ఘనంగా ఉన్నా ఈ లోటు తీరదు. ఇదే లోటు వేరే దారిలో ఆర్డెన్‌లోనూ ఉంది. ఒకరు కావ్యాన్ని పక్కన పెట్టేశారు, ఇంకొకరు నెత్తిన పెట్టుకున్నారు. ఇద్దరూ దాన్ని నియమంగా మార్చలేదు.

డబ్బు, సమయం, రెండు గుర్తులు

స్పందనల గురించి మాట్లాడుతూ బజారు సంగతి వదిలేస్తే చిత్రం పూర్తికాదు. 2012 ఫిబ్రవరిలో 'డియర్ ఎస్తర్' అమ్మకానికి వచ్చినప్పుడు మొదటి 24 గంటల్లోనే 16,000కు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. ఒక ద్వీపం మీద నడుస్తూ ఉత్తరాల ముక్కలు వినడమే అందులో ఉన్న పని. అది ఏ గ్రంథానికీ అనుసరణ కాదు గానీ, సాహిత్యపు నడకను గేమ్‌లోకి తెచ్చినవాటిలో ముఖ్యమైనది. ఈ తరహా గేమ్‌లకు 'వాకింగ్ సిమ్యులేటర్' అనే ముద్ర పడింది. మొదట్లో వెక్కిరింపుగానే అన్నారు, తర్వాత చాలామంది దాన్నే ఒక ప్రక్రియ పేరుగా స్వీకరించారు.

టేల్ ఆఫ్ టేల్స్ కథ మరోలా ముగిసింది. 2015 మేలో వచ్చిన వాళ్ళ 'సన్‌సెట్' కేవలం నాలుగు వేల పైచిలుకు ప్రతులు అమ్ముడైంది. మరుసటి నెలలోనే వాళ్ళు వాణిజ్యపరంగా గేమ్‌లు చేయడం మానేస్తున్నట్టు ప్రకటించారు. 'ద పాత్' లాంటి గేమ్ గురించి పేజీలకు పేజీలు వాదించుకున్న సమాజం దాన్ని చేసినవాళ్ళను నిలబెట్టుకోలేకపోయింది. చర్చ పుట్టించడం వేరు, పూట గడవడం వేరు.

అదే ఏడాది జూన్‌లో గేమ్‌ల అతిపెద్ద ఆన్‌లైన్ అంగడి స్టీమ్ కొత్త నియమం తెచ్చింది. కొన్న పద్నాలుగు రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు. కొనేవాళ్ళకు న్యాయమైన నియమమే. కానీ గంటన్నరలో పూర్తయ్యే చిన్న కళాత్మక గేమ్‌కు ఇది పెద్ద గండం. ఎన్ని గంటలు ఆడవచ్చు అన్న కొలతతో గేమ్‌ను తూచడం చాలామంది రివ్యూలలో ఉంటుంది. కథానికను పేజీల లెక్కన ఎవరూ వెలకట్టరు. గేమ్ విషయంలో మాత్రం ఆ లెక్క చాలామందికి సహజంగా తోస్తుంది.

స్టీమ్‌లో రివ్యూ రాసేవాడికి ఉన్న దారులు రెండే: సిఫారసు చేస్తాను, చేయను. 'ద పాత్' ఆడి వారం రోజులు నిద్రపట్టనివాడు ఏ గుర్తు నొక్కాలి? నన్ను కలచివేసింది కానీ మీకు ఇవ్వలేను అనే పాఠకుడు సాహిత్యంలో చాలా మామూలు మనిషి. అంకెలుగా మారిన స్పందనల్లో అతనికి చోటు లేదు. అందువల్ల ఇన్ని శాతం మంది మెచ్చారు అనే అంకె మీద ఆధారపడి ఇలాంటి గేమ్‌లను అంచనా వేయడం తప్పుదారి. ఆ అంకె కింద రాసిన వాక్యాలు చదవాలి. మెచ్చుకుని సిఫారసు చేసిన ఒక వాక్యం కంటే, కోపంతో రాసిన నాలుగు పేరాల్లో ఎక్కువ సాహిత్య విమర్శ దొరుకుతుంది.

ఇది గేమేనా అనే ప్రశ్న

ఈ గేమ్‌లన్నిటికీ తగిలిన రాయి ఒకటుంది: ఇది అసలు గేమేనా? కళాకారులూ విమర్శకులూ ఈ ప్రశ్న అడిగినవాళ్ళను మూర్ఖులుగా చూశారు. అది పొరపాటని నా నమ్మకం. ఆ ప్రశ్న ఒక ఒప్పందం తెగిన చప్పుడు. గేమ్ అంటే నా చేతికి పని ఉంటుంది, నా పనికి ఫలితం ఉంటుంది అని ఆడేవాడు నమ్మి డబ్బు పెట్టాడు. ఆ ఒప్పందాన్ని తెంచే హక్కు కళకు ఉంది. తెంచినందుకు బదులు ఏమిచ్చావు అని అడిగే హక్కు ఆడేవాడికీ ఉంది. 'ద పాత్' గెలుపును లాక్కుని బాధ్యతను ఇచ్చింది. 'వాల్డెన్' పోగేసుకునే సుఖాన్ని తగ్గించి చూపును ఇచ్చింది. 'ఎల్సినోర్' రక్షించే అవకాశాన్ని తీసేసి అర్థం చేసుకునే అవకాశం ఇచ్చింది. బదులేమీ ఇవ్వకుండా ఊరికే నెమ్మదిగా నడిపించే గేమ్‌లు కూడా చాలా ఉన్నాయి. వాటి మీద విసుక్కున్నవాళ్ళది తప్పు కాదు. గొప్ప పుస్తకం పేరు చెప్పి ఆ విసుగును పాఠకుడి చేతకానితనంగా చూపించడం న్యాయం కాదు.

పుస్తకాన్ని పాడుచేశారనే ఆరోపణకు కూడా ఇదే కొలబద్ద. ఒఫీలియా బతకడం, ఎర్ర టోపీ పిల్లలు ఆరుగురు కావడం మూలానికి విరుద్ధమే. కానీ రామకథను ఎన్ని రకాలుగానో చెప్పుకున్న మనకు తెలుసు, కథ మార్చడం ద్రోహం కాదు, కథ అడిగిన ప్రశ్నను వదిలేయడం ద్రోహం. 'డాంటేస్ ఇన్ఫెర్నో' వలయాల వరుసను, పేర్లను అలాగే ఉంచి ప్రశ్నను వదిలేసింది. '80 డేస్' దాదాపు అన్నీ మార్చి, ప్రపంచాన్ని చుట్టడం అంటే ఏమిటన్న ప్రశ్నను వెర్న్ కంటే గట్టిగా అడిగింది.

కాబట్టి ఇలాంటి గేమ్‌ను సమీక్షించేవారు మూడు పనులు చేయాలని నా విజ్ఞప్తి. మొదటిది, ఆడేవాడి చేత గేమ్ ఏ పని చేయిస్తోందో ఒక్క వాక్యంలో చెప్పాలి: దారి తప్పించడం, చేయి ఆపించడం, తెలిసిన మాటను ఎవరికో ఒకరికి చెప్పించడం. రెండోది, ఆ పనికీ మూలగ్రంథపు ప్రశ్నకూ లంకె ఉందో లేదో చూడాలి. మూడోది, ఆడినవాళ్ళ కోపం ఎక్కడ రేగిందో వెతికి, ఆ కోపం నియమానికి తగిలిందా, లోపానికి తగిలిందా అని వేరుచేయాలి. కెమెరా సరిగా తిరగకపోవడం లోపం, తోడేలు ఎదురుపడక ఓడిపోవడం నియమం. ఈ రెండిటినీ కలిపేసి ఏడు మార్కులో ఎనిమిది మార్కులో వేసే సమీక్ష ఎవరికీ మేలు చేయదు.

గేమ్ చేసేవారికి ఈ స్పందనల నుంచి అందే పాఠం కూడా స్పష్టమే. ఒక మహాగ్రంథాన్ని తీసుకునేటప్పుడు అందులోని సన్నివేశాలను, సంభాషణలను ఎలా చూపించాలి అని మొదలుపెడితే ఆర్డెన్ దగ్గర ఆగిపోతారు. ఆ గ్రంథం పాఠకుణ్ణి ఏ ఇరకాటంలో పెట్టిందో కనిపెట్టి, ఆ ఇరకాటాన్ని ఆడేవాడి వేళ్ళకు అందించాలి. అలా చేసినప్పుడు కొందరు తప్పకుండా తిడతారు, కొందరు డబ్బు వాపసు అడుగుతారు. అయినా తిట్టినవాళ్ళు థోరో గురించీ ఒఫీలియా గురించీ వాదిస్తూ తిడుతుంటే, ఆ పుస్తకం చదువరుల లెక్క పెరిగినట్టే. ప్రయోగం ఫలించిందా లేదా అని తేల్చడానికి అంతకంటే నమ్మదగిన ఆధారం నాకు కనిపించలేదు.